మదనపల్లె కాలేజీ పెట్టిన ఆవిడ, రెండు రూపాయల మాత్ర

మా వైపు బి.టి. కాలేజీ పేరెత్తితే ఎవరైనా మొదట చెప్పేది జనగణమన గురించే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెకు వచ్చి ఆ కాలేజీలో ఉన్నారనీ, ఆ పాటను ఇంగ్లీషులోకి అక్కడే మార్చారనీ, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ స్వరం రాసిపెట్టారనీ పిల్లలకు కూడా తెలుసు. గొప్ప విషయమే, కాదనను. కానీ కాలేజీ పేరులో ఉన్న ఆ 'బి' ఎవరిదో, 1915లో ఈ కాలేజీ పెట్టిన అనీ బిసెంట్ అంతకు ముందు ఎవరో, ఆ కథ మాత్రం ఎవరూ చెప్పరు. హోంరూలు ఉద్యమం, 1917 కాంగ్రెస్ అధ్యక్ష పదవి, అడయారులో దివ్యజ్ఞాన సమాజం, ఇంతవరకే పాఠాల్లో ఉంటుంది.

ఆవిడ ఇండియాకు రాకముందు, 1877లో, లండన్ కోర్టులో ముద్దాయిగా నిలబడింది. నేరం ఏమిటంటే పిల్లలు పుట్టకుండా ఎలా చూసుకోవచ్చో చెప్పే ఒక చిన్న పుస్తకాన్ని అచ్చువేసి అమ్మడం.

ఈసారి రాయబోయేది మనం నలుగురిలో మాట్లాడుకోని సంగతి. రాయాలా వద్దా అని చాలా రోజులు వాయిదా వేశాను. ఇంట్లో మగవాళ్ళు కూడా నా రాతలు చదువుతారు. చదవనీ. ఈ కథలో వాళ్ళకూ భాగం ఉంది.

ఆ పుస్తకం అనీ బిసెంట్ రాసింది కాదు. చార్లెస్ నోల్టన్ అనే అమెరికా డాక్టరు 1832లో రాశాడు. ఇంగ్లండులో అది చాలా ఏళ్ళు చాటుమాటుగా, ఏడాదికి కొన్ని వందల ప్రతులు అమ్ముడుపోతూ ఉండేది. ప్రచురణకర్త మీద కేసు పడగానే అనీ బిసెంట్, ఆమె మిత్రుడు చార్లెస్ బ్రాడ్లా ఇద్దరూ కలిసి తామే మళ్ళీ అచ్చువేశారు. దాచిపెట్టి అమ్మలేదు. ఏ రోజు ఎక్కడ అమ్ముతామో పోలీసులకు ముందుగా చెప్పి మరీ అమ్మారు. వెల ఆరు పెన్నీలు. కూలి చేసుకునేవాళ్ళు కూడా కొనగలగాలన్నది ఆ వెల వెనక ఉన్న ఆలోచన. డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో ఈ విషయం ఇంటి డాక్టరు చెవిలో చెబుతాడు, లేనివాళ్ళకు ఎవరు చెబుతారు, అదీ ఆవిడ వాదం.

కోర్టులో తన కేసు తానే వాదించుకుంది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. పుస్తకం ప్రజల నీతిని చెడగొట్టేలా ఉందని జ్యూరీ తేల్చింది. అయితే ఈ ఇద్దరి ఉద్దేశం చెడ్డది కాదని కూడా అంది. ఆరు నెలల జైలు, 200 పౌన్ల జరిమానా వేశారు. పైకోర్టులో సాంకేతిక కారణంతో శిక్ష కొట్టేశారు గానీ ఈలోగా పుస్తకం లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. కేసు పెట్టకపోతే అంతమంది చదివేవాళ్ళు కారేమో.

ఆవిడ పోగొట్టుకున్నది మాత్రం వేరే. విడిగా ఉంటున్న భర్త, చర్చిలో ఫాదిరి, ఇదే అదనుగా కోర్టుకెక్కాడు. ఇలాంటి పుస్తకాలు అమ్మే ఆడమనిషి దగ్గర ఆడపిల్ల పెరగకూడదని 1878లో చిన్న కూతురు మేబుల్‌ను ఆమె దగ్గర నుంచి తీసేసుకున్నారు. ఆ పిల్లకు అప్పటికి ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు.

తర్వాత తనే సొంతంగా ఇదే విషయం మీద ఇంకో పుస్తకం రాసింది, అదీ బాగా అమ్ముడుపోయింది. ఆశ్చర్యం ఏమిటంటే, దివ్యజ్ఞాన సమాజంలో చేరిన తర్వాత 1891లో ఆ పుస్తకాన్ని తానే వెనక్కి తీసుకుంది. ఇక అచ్చువేయనివ్వలేదు. మనిషికి కావలసింది నిగ్రహం అంది. అలా మారిన మనిషే 1893లో మన దేశానికి వచ్చింది, మదనపల్లెలో కాలేజీ పెట్టింది. నాకు ఈ భాగం చదివినప్పుడల్లా కొంచెం మనసు చివుక్కుమంటుంది. అంత పోగొట్టుకుని సంపాదించిన మాటను మనకు తేకుండానే వచ్చింది కదా అని.

ఇప్పుడు మా కలకడ సంగతికి వస్తాను.

మా ఊళ్ళో, చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళయిన ఏ ఆడమనిషినైనా అడగండి, 'ఆపరేషన్' అంటే ఏమిటో తెలుసు. ఏ ఆసుపత్రిలో చేస్తారు, ఎన్ని రోజులు బరువు ఎత్తకూడదు, ఎవరికి కుట్లు చీము పట్టాయి, అన్నీ తెలుసు. అదే 72 గంటల మాత్ర గురించి కదిపి చూడండి. జాకెట్లు కుట్టే చోట, టమాటా గ్రేడింగు చేసే చోట, బస్సు కోసం చెట్టు కింద కూర్చున్న చోట నేను విన్న మాటలు చెబుతాను.

"అది ఏసుకుంటే కడుపు పోతాది కదక్కా, పాపం."

"ఒగసారి ఏసుకుంటే మళ్ళీ బిడ్డలు పుట్టరంట."

"అది కాలేజీ పిల్లోళ్ళకి. సంసారం చేసుకునేటోళ్ళకి యాల?"

ఈ మూడు మాటల్లో ఏదీ నిజం కాదు. కానీ వీళ్ళను అమాయకులని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఈ తెలియనితనం వాళ్ళలో పుట్టింది కాదు. దానికో చరిత్ర ఉంది.

తెలుగు బి.ఏ. చదివిన దాన్ని కాబట్టి నాకు ముందు మాటల దగ్గరే అనుమానం వస్తుంది. ఈ మాత్రకు మన భాషలో పేరేమిటి? పుస్తకాల్లో 'అత్యవసర గర్భనిరోధక మాత్ర' అని రాస్తారు. ఆ మాటను నోటితో అన్న మనిషిని నేను చూడలేదు. 'ఎమర్జెన్సీ మాత్ర' అందామంటే, ఎమర్జెన్సీ అనగానే మా పెద్దవాళ్ళకు ఇందిరాగాంధీ కాలం గుర్తొస్తుంది, మగవాళ్ళు ఆపరేషన్ల భయంతో చేలల్లో దాక్కున్న కథలు మొదలుపెడతారు. చివరికి జనం కంపెనీ పేరుతోనే 'ఐ-పిల్' అంటున్నారు. సొంత పేరు లేని వస్తువు గురించి వీధిలో మాట్లాడుకోవడం కష్టం.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన పాత మాటల్లో 'నెల తప్పింది' అనేది ఒక మధ్య స్థితి. కడుపు అని ఖాయం కాలేదు, కాదనీ చెప్పలేం. ఆ మధ్యలో చేసే పనులను మా అవ్వలు కడుపు తీయించుకోవడం అనేవాళ్ళు కాదు, 'ముట్టు రప్పించుకోవడం' అనేవాళ్ళు. నువ్వులు బెల్లం దంచి తినడం, పచ్చి బొప్పాయి కాయ తినడం, వేడి చేసేవి ఏవో కషాయాలు తాగడం. పనిచేసిందా అంటే, వచ్చేది ఉంటే వచ్చింది, అంతే. వీటిని నమ్ముకుని ఆలస్యం చేసి, ఆ తర్వాత మంత్రసాని చేతి పుల్లలకు బలైపోయినవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి, పేర్లు మాత్రం చెప్పరు. కొత్తగా వచ్చిన మాత్రను కూడా మన ఆడవాళ్ళు ఈ పాత గూట్లోనే పెట్టారు. నెల తప్పిన తర్వాత వేసుకునే మాత్ర అనుకున్నారు. అసలు తప్పు అక్కడ పడింది.

ఎందుకంటే ఆ మాత్ర నెల తప్పక ముందు వేసుకునేది. గర్భం ఇంకా రాకముందే. లెవోనార్జెస్ట్రెల్ అనే మందు అందులో ఉంటుంది, మామూలు గర్భనిరోధక మాత్రల్లో ఉండే రకమే, మోతాదు ఎక్కువ. అది ముఖ్యంగా చేసే పని అండం విడుదలను వెనక్కి నెట్టడం. మగవాడి వీర్యకణాలు ఆడవాళ్ళ ఒంట్లో కొన్ని రోజులు బతికి ఉంటాయి, ఆ రోజుల్లో అండం బయటికి రాకపోతే గర్భం రాదు. అండం అప్పటికే విడుదలై ఉంటే మాత్రం మాత్ర చేయగలిగింది పెద్దగా లేదు. గర్భం నిలిచిపోయి ఉంటే దాన్ని తీసేయనూ లేదు, బిడ్డకు హాని చేయనూ చేయదు. నేను మా వాళ్ళకు ఇలా చెబుతాను: పాలల్లో తోడు పడకుండా అడ్డుకోవచ్చు గానీ, తోడుకున్న పెరుగును మళ్ళీ పాలు చేయలేం. కడుపు పోవడానికి ఇచ్చే మాత్రలు పూర్తిగా వేరే మందులు. మిఫెప్రిస్టోన్ అనేది మన దేశంలో 2002లో అనుమతి పొందింది. అవి డాక్టరు చూసి ఇవ్వాల్సినవి. ఈ రెండూ దాదాపు ఒకే కాలంలో మందుల షాపుల్లోకి రావడం మన దురదృష్టం. రెండూ అట్టపెట్టెలో ఉంటాయి, రెండూ చెవిలో అడిగి కొనుక్కునేవే, ఇంక తేడా ఎవరు చెబుతారు?

వెనక్కి వెళితే, మన పక్కనే ఒక తలుపు తెరుచుకుంది. పుంగనూరు దాటి కాస్త ముందుకు పోతే కోలారు, అంటే ఒకప్పటి మైసూరు సంస్థానం. ఆ సంస్థానం 1930లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో సంతాన నిరోధ క్లినిక్కులు పెట్టమని ఉత్తర్వు ఇచ్చింది. ఒక ప్రభుత్వం ఇలాంటి పని చేయడం ప్రపంచంలోనే మొదటిసారి అంటారు. అంతకు ముందే 1921లో బొంబాయిలో రఘునాథ ధొండో కర్వే సొంతంగా ఒకటి మొదలుపెట్టి ఉద్యోగం కూడా పోగొట్టుకున్నాడు. 1935 చివర్లో అమెరికా నుంచి మార్గరెట్ సాంగర్ వచ్చి వార్ధాలో గాంధీగారితో ఇదే విషయం మీద గట్టిగా వాదించింది. గాంధీగారు ఒప్పుకోలేదు, నిగ్రహమే దారి అన్నారు. అనీ బిసెంట్ చివరికి చేరుకున్న మాట కూడా అదే కదా. నిగ్రహం ఎవరి చేతిలో ఉంటుందో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు వేరే చెప్పనవసరం లేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1952లో మన దేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా పెట్టుకుంది. ఇంత పెద్ద దేశం అలా చేయడం అదే మొదలు. 1965లో లూప్ వచ్చింది. ఆసుపత్రి గోడల మీద ఎర్ర త్రికోణం వచ్చింది, 'ఇద్దరు లేక ముగ్గురు చాలు' వచ్చింది. 1968 నుంచి నిరోధ్ కిళ్ళీ కొట్టుకు కూడా చేరింది. 1971లో గర్భస్రావ చట్టం. ఇవన్నీ బాగానే ఉన్నాయి అనుకునేలోపు ఎమర్జెన్సీ వచ్చింది. 1976–77 ఒక్క ఏడాదిలో దేశమంతటా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎక్కువ భాగం మగవాళ్ళవే. ఆ ఎన్నికల్లో ప్రభుత్వం పడిపోయింది. మగవాళ్ళ జోలికి వెళితే ఓట్లు పోతాయని ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వానికీ అర్థమైంది. బరువంతా ఆడవాళ్ళ మీదికి జరిగింది.

అందులోనూ మన రాష్ట్రం అందరికన్నా ముందుంది. 1997లో ఆంధ్రప్రదేశ్ తనకంటూ ఒక జనాభా విధానం ప్రకటించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో పెళ్ళయి 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో 100కి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళు చేయించుకున్నది 100కి ఒకటి కూడా లేదు. మాత్రలు, లూప్, నిరోధ్ అన్నీ కలిపినా రెండు శాతం లేవు. 1992–93లో ఒక్కో ఆడమనిషికి సగటున 2.6 మంది పిల్లలుండేవాళ్ళు, ఇప్పుడు 1.7. దీన్ని విజయం అని రాస్తారు. పిల్లలు తక్కువ కావడం మంచిదే. కానీ ఎలా తక్కువయ్యారో చూడండి: ఇరవై దాటీ దాటక ముందే పెళ్ళి, వెంట వెంటనే ఇద్దరు, రెండో కాన్పు మంచం మీదనే ఆపరేషన్. ఇరవై అయిదు రాకముందే అంతా అయిపోతుంది. పెళ్ళికీ మొదటి కాన్పుకీ మధ్య, మొదటి కాన్పుకీ రెండోదానికీ మధ్య ఏం చేయాలో చెప్పినవాళ్ళు లేరు. రిజిస్టరులో లెక్కపడేది ఆపరేషనే కాబట్టి నర్సమ్మలు కూడా దాని గురించే చెప్పారు. వాళ్ళ మీద టార్గెట్లు అలా ఉండేవి.

చెప్పకుండా చేయడానికి కూడా మన తెలుగునాట ఉదాహరణ ఉంది. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మీద పరీక్షలు పెట్టారు. రెండు నెలలకొకసారి వేసే సూది. అక్కడికి వచ్చిన పల్లె ఆడవాళ్ళకు అది పరిశోధన అనీ, దుష్ఫలితాలు ఉండవచ్చనీ సరిగా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి అడ్డుపడ్డారు. మరుసటి ఏడాది మరికొన్ని మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. సూది మంచిదా చెడ్డదా అనేది ఒక ప్రశ్న. నాకు మాత్రం ఇంకో ప్రశ్న పెద్దదిగా కనిపిస్తుంది. చెబితే అర్థం చేసుకోలేరు అని ఎవరు తీర్మానించారు? 1991లో హైదరాబాదులో కొందరు ఆడవాళ్ళు కూర్చుని 'సవాలక్ష సందేహాలు' అని ఒక పుస్తకం తెచ్చారు. ఆడవాళ్ళ ఒంటి గురించి, జబ్బుల గురించి, గర్భనిరోధకాల గురించి మామూలు తెలుగులో ఉన్న పుస్తకం. పేరులోనే ఉంది చూడండి, సందేహం ఉండటం తప్పు కాదని. అలాంటి పుస్తకం మండలానికి ఒకటైనా ఉండి ఉంటే బాగుండేది.

మాత్ర కథ ఇంకొంచెం ఉంది. 1960లలో విదేశాల్లో డాక్టర్లు, ముఖ్యంగా అత్యాచారానికి గురైన ఆడపిల్లల కోసం, హార్మోను మందులు పెద్ద మోతాదుల్లో ఇచ్చి చూశారు. వాంతులు విపరీతంగా అయ్యేవి. 1974లో ఆల్బర్ట్ యూజ్పే అనే కెనడా డాక్టరు మామూలు గర్భనిరోధక మాత్రల్లో ఉండే రెండు రకాల హార్మోన్లతో పద్ధతి కనిపెట్టాడు. 72 గంటలు అనే లెక్క ఆనాటి పరీక్షల్లో పెట్టుకున్న గడువే గానీ, 73వ గంటకు తలుపు మూసుకుపోతుందని కాదు. నాలుగో రోజు, అయిదో రోజు వేసుకున్నా కొంత పనిచేస్తుందని తర్వాత తేలింది. కాకపోతే గడిచిన ప్రతి పూటా దాని బలం తగ్గుతూ పోతుంది. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద పరీక్షలో ఒక్క లెవోనార్జెస్ట్రెల్ అయితే ఇంకా బాగా పనిచేస్తుందనీ, వాంతులు తక్కువనీ తెలిసింది. మన దేశంలో 2002–03 ప్రాంతంలో ఇది ప్రభుత్వ కార్యక్రమంలో చేరింది. 2005లో డాక్టరు చీటీ లేకుండా కొనుక్కోవచ్చన్నారు. 2007లో సిప్లా కంపెనీ ఐ-పిల్ తెచ్చింది, వెల 75 రూపాయలు.

అప్పుడు మొదలైంది టీవీలో. మీకూ గుర్తుండే ఉంటుంది. భయపడుతున్న ఒక అమ్మాయి, ఫోను, మాత్ర, ఆ తర్వాత నవ్వు. అందరూ కూర్చుని సీరియల్ చూస్తుంటే అది రాగానే ఎవరో ఒకరు రిమోట్ వెతుక్కునేవాళ్ళు. ఒక మాట ఒప్పుకోవాలి. ప్రభుత్వం అప్పటిదాకా చెప్పని విషయం ఆ ప్రకటన వల్లే పల్లెల్లోకి వచ్చింది. కానీ అది చెప్పింది సగమే. ఎలా పనిచేస్తుందో చెప్పలేదు, రోజూ వేసుకునేది కాదని గట్టిగా చెప్పలేదు. ఆడపిల్లల భయాన్ని అమ్ముకున్నారని గొడవలయ్యాయి. చూసినవాళ్ళకు మిగిలిందల్లా ఇది 'అలాంటి అమ్మాయిల' మందు అనే ముద్ర. రెండో బిడ్డకు రెండేళ్ళు ఆగుదామనుకునే కోడలికి కూడా ఇది అక్కరకు వస్తుందని ఆ ప్రకటన చూసిన మా వాళ్ళెవరికీ తోచలేదు.

సరిహద్దు అవతల కథ ఇంకో రకం. తమిళనాడులో చాలా ఏళ్ళుగా మందుల షాపుల్లో ఈ మాత్ర దొరకడం చాలా కష్టం. కేంద్ర చట్టం ప్రకారం చీటీ అక్కర్లేకపోయినా అక్కడి షాపులవాళ్ళు భయపడి పెట్టుకోరు. కుప్పం వైపు వాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. ఒకే రోడ్డు మీద నాలుగు మైళ్ళ తేడాలో ఒక ఊళ్ళో దొరుకుతుంది, ఒక ఊళ్ళో దొరకదు.

మా వైపు దీని అవసరం ఎవరికి ఎక్కువో చెబుతాను. కలకడ, రాయచోటి, పీలేరు ఏ వీధికి వెళ్ళినా కువైట్‌లో ఉండే మనిషి లేని ఇల్లు తక్కువ. మొగుడు రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. ఏడాదంతా ఒంటరిగా ఉండే భార్యకు రోజూ మాత్ర వేసుకునే అలవాటు ఎందుకు ఉంటుంది? లూప్ అంటే భయం చెప్పారు. ఇంకో బిడ్డ కావాలనుకుంటుంది కాబట్టి ఆపరేషన్ కుదరదు. నిరోధ్ కొనడానికి అతనికి సిగ్గు, వాడమని చెప్పడానికి ఆమెకు భయం: "ఎందుకు అడగతాండావు?" అని ఇంకో అర్థం తీస్తాడని. అతను విమానం ఎక్కిపోయాక నెల తప్పుతుంది. అత్త, ఆడబిడ్డలు వేళ్ళు మడిచి లెక్కపెడతారు. ఇలాంటి ఇళ్ళకు కావలసింది ఆ రెండు నెలలకు ముందే ఒక పద్ధతి. అది తప్పినప్పుడు మాత్రమే ఈ మాత్ర. ఇది రెండో తాళం లాంటిది, మొదటి తాళం కాదు. తరచుగా వాడితే ముట్టు లెక్కలు తప్పుతాయి, పైగా రోజువారీ పద్ధతులంత నమ్మకమైనదీ కాదు. అసలు అన్నిటికన్నా బాగా పనిచేసేది అయిదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకోవడం అని వైద్యులు చెబుతారు. అది తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్ళలో ఈ మాత్ర బలం తగ్గిపోతుంది. టీబీ మందులు వాడే ఆడవాళ్ళు ముందుగా డాక్టరుతో మాట్లాడుకోవాలి. మందుల షాపులో ఇది ఎవరూ అడగరు.

దొరకడం కష్టమా అంటే, కాగితం మీద కాదు. 2011లో మొదలైన పథకంలో ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చివ్వాలి. మూడు నిరోధ్‌లకు ఒక రూపాయి, నెల మాత్రల అట్టకు ఒక రూపాయి, ఈ మాత్రకు రెండు రూపాయలు. ఆరు పెన్నీల పుస్తకం గుర్తొచ్చింది నాకు ఈ ధర చూసినప్పుడు. అయితే ఆశా మన ఊరి మనిషే. ఎవరికో ఆడబిడ్డ, ఎవరికో వదిన. ఆమెను అడిగితే సాయంత్రానికి మా అత్తకు తెలుస్తుందేమో అనే భయంతో అడగరు. 100 రూపాయలకు పైగా పోసి, తెలిసినవాళ్ళు లేని పీలేరు షాపులోనో మదనపల్లె షాపులోనో కొనుక్కుంటారు, అదీ మొగుడు తెచ్చిస్తే. పెళ్ళికాని పిల్ల అయితే ఆశా దగ్గరికి పోవడమనే మాటే లేదు. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అత్యాచారానికి గురైన ఆడపిల్లకు ఆసుపత్రిలో ఈ మాత్ర ఇవ్వాలి. ఇది ఎంతమంది తల్లులకు తెలుసు? పరువు గురించి ఆలోచిస్తూ కూర్చునే మూడు రోజులే ఆ మూడు రోజులు.

ఇలాంటివి చెబితే పిల్లలు చెడిపోతారు అంటారు. 1877లో ఆ జ్యూరీ అన్నది కూడా సరిగ్గా ఆ మాటే. ఇది రాసినందుకు నాకు తెలిసినవాళ్ళు కొందరు రెండు రోజులు మాట్లాడరు, అదీ తెలుసు. నాకొక ఆడపిల్ల ఉంటే, లేక మగపిల్లవాడు ఉన్నా సరే, ముట్టు గురించి చెప్పే వయసులోనే దీని గురించి కూడా చెప్పాలంటాను. తెలిసినందువల్ల చెడిన పిల్లలకన్నా తెలియక చెడిన బతుకులే ఈ ఊళ్ళో నేను ఎక్కువ చూశాను.

ఇప్పుడు గాలి మళ్ళీ తిరిగింది. ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి వీల్లేదని 1994 నుంచి ఉన్న నిబంధనను 2024 నవంబరులో మన అసెంబ్లీ ఎత్తేసింది. ఎక్కువమందిని కనండి అని కుప్పం ఎమ్మెల్యే కూడా అయిన ముఖ్యమంత్రి గారే సభల్లో చెబుతున్నారు. 1997 జనాభా విధానం వచ్చినప్పుడు కూడా ముఖ్యమంత్రి ఆయనే. రాష్ట్రానికి వయసు మీదపడుతోంది, వాళ్ళ లెక్కలు వాళ్ళకు ఉంటాయి, అందులో నిజం లేదని అనను. కానీ అప్పుడు చాలు అన్నా, ఇప్పుడు చాలదు అన్నా లెక్క ఎప్పుడూ పైనుంచే వస్తోంది. ఆపరేషన్ అయిపోయిన ఆ 70 మందికి ఈ కొత్త మాటతో ఏం పని?

పోయిన నెల ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒకతి, చంకలో పదినెలల బిడ్డ, ఎవరూ లేకుండా చూసి అడిగింది. "అక్కా, 72 గంటలు అంటే యాడి నుంచి లెక్క? పొద్దున్నించా?"

ఆ పని జరిగిన గంట నుంచి అని చెప్పాను. మూడో రోజు దాకా ఆగొద్దు, ఎంత తొందరగా అయితే అంత మంచిది. రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. ముట్టు వారం అటూ ఇటూ కావచ్చు, భయపడొద్దు, వారం దాటినా రాకపోతే పరీక్ష చేయించుకో. వేసుకున్నాక మళ్ళీ కలిస్తే దానికి ఇది కాపలా కాదు. బిడ్డకు పాలిస్తున్నానని కూడా ఆసుపత్రిలో చెప్పు, ఏదైనా ఒక పద్ధతి అడిగి పెట్టుకో. అన్నీ విని ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నిన్న రాత్రి నుంచి పదిహేను గంటలు. ఆశా ఇల్లు ఎక్కడో ఆమెకు తెలుసు గానీ పోనంది. పీలేరు బస్సు పన్నెండింటికి ఉంది, బిడ్డను నా దగ్గర వదిలి వెళ్ళింది.